తేదీ పెట్టానన్నాను

మిరపకాయల లారీ రోడ్డు మీద పోతుంటే నరసరావుపేటలో ఎవరూ తలెత్తి చూడరు. రెండు తుమ్ములు తుమ్మి, ముక్కు తుడుచుకుని ఎవరి పనిలో వాళ్లు పడతారు. నేనూ అంతే. కానీ మొన్న మా కాలేజీలో కొత్త సర్వరు పెట్టి, దాని సందేశాలన్నీ ఒకచోట రాసిపెట్టే సర్వీసును అమర్చుతుండగా, కిటికీ సందులోంచి ఆ ఘాటు వచ్చి గొంతులో పడింది. దగ్గు ఆగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కన కూర్చున్న ల్యాబ్ అసిస్టెంటు పిల్ల "మేడమ్, నీళ్లు తాగండి" అని సీసా ఇచ్చింది. తాగాను. దగ్గు తగ్గింది గానీ కళ్లు మాత్రం ఆరలేదు. ఆ పిల్ల మిరప ఘాటే అనుకుంది. అనుకోనీలే అని ఊరుకున్నాను.

ఆ సర్వీసును అమర్చడం నాకు నేర్పినవారు కోటేశ్వరరావు గారు. మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు. ఊరి పొలిమేరలో మిర్చి టిక్కీలు, అంటే మిరపకాయలు కుక్కి కుట్టిన గోనె మూటలు, దాచే ఒక కోల్డ్ స్టోరేజీ ఉండేది. అందులో మిషన్లన్నింటికీ ఆయన ఇన్‌చార్జి. నా మొదటి ఉద్యోగం ఆయన దగ్గరే. ఆయన గురించి ఎన్ని మంచి మాటలైనా రాయగలను. అవన్నీ రాసేసి, అసలు సంగతి మింగేసి, నలుగురి చేతా అయ్యో అనిపించుకుని లేచిపోవడం తేలికే. ఆ పని చేయబుద్ధి కావడం లేదు. ఆయన పరువు నిలబడాల్సిన రోజున నా నోటి నుంచి ఒక్క మాట కావాల్సి వచ్చింది. నేను ఆ మాట చెప్పలేదు. పైగా అబద్ధం చెప్పాను.

నేను అక్కడ చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీలో కంప్యూటర్లు చదివాను గనుక ప్రపంచంలో నాకు తెలియనిది లేదని ఒక పొగరు ఉండేది. ఆయనకు యాభై దాటాయి. ముందు రేడియోలు, తర్వాత టీవీలు బాగుచేసి, ఆ తర్వాత ఎవరూ నేర్పకుండానే కంప్యూటర్లు నేర్చుకున్న మనిషి. ఖాకీ ప్యాంటు, పొట్టి చేతుల చొక్కా, జేబులో టెస్టరు. చూడగానే, ఈయన నాకేం చెబుతాడులే అనుకున్నాను.

"ఏం చదివావమ్మాయ్?" అన్నారు.

"బీయస్సీ కంప్యూటర్స్ సార్."

"మంచిది. చదివింది కాసేపు పక్కన పెట్టు. ఇక్కడ ఎనిమిది చాంబర్లుండయ్. ఒక్కోదాని తలుపు కాడ ఒక్కో ప్యానెల్ ఉంది. లోపల వేడి ఎంతుంది, ఫ్యాన్ తిరుగుతందా లేదా, తలుపు తీశారా వేశారా, పొద్దస్తమానం అది చెప్తానే ఉంటది. చెప్పేదానికి వినేవాళ్లు కావాలి గదా. అదిగో, ఆ డబ్బా వింటది."

డబ్బా అంటే ఆఫీసు గది మూలన బల్ల మీదున్న పాత కంప్యూటరు. దాని లోపల ఎవరికీ కనపడకుండా ఒక సర్వీసు నడుస్తూ ఉండేది. అది ఎవరినీ పిలవదు, తెర మీదికి రాదు. ఏ ప్యానెల్ ఏ మాట పంపినా దానికి తేదీ, టైము తగిలించి ఫైల్లో ఒక లైను రాస్తుంది. ప్యానెళ్లకు సొంత గడియారాలు లేవు. అవి మాట మాత్రమే పంపుతాయి. ఎప్పుడన్నది డబ్బా గడియారం చెప్పాల్సిందే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మిగతాదంతా దీని చుట్టూ తిరిగిందే.

చేరిన వారంలోనే ఆ సర్వీసు అమరిక ఫైలు నా చేతికిచ్చారు. ఏ మాట ఎంత ముఖ్యమైనదో, ఏది ఏ ఫైల్లోకి పోవాలో అందులో రాయాలి. నేను గొప్పకు పోయి అన్నీ ఒకే ఫైల్లోకి పంపించాను. మర్నాటికి ఫైలు ఉబ్బిపోయింది. నలభై వేల లైన్లు. "ఫ్యాన్ తిరుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది" అనే మాట తప్ప కంటికి ఇంకేమీ ఆనదు. ఆయన కోప్పడలేదు. నన్ను వెనక షెడ్డులోకి తీసుకెళ్లారు. అక్కడ ఆడవాళ్లు కుప్పల ముందు కూర్చుని తాలు ఏరుతున్నారు. తాలంటే తెల్లబారిన, సరుకులేని కాయలు. వాళ్ల చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఒకామె మాతో మాట్లాడుతూనే, కుప్ప వైపు చూడకుండానే తాలుకాయను తీసి అవతల పారేస్తోంది.

"చూశావా?" అన్నారు కోటేశ్వరరావు గారు. "అన్నీ కుప్పపోస్తే తాలూ కాయే, ఎర్రదీ కాయే. ఏది ఎటు పోవాలో ముందే చెప్పకపోతే రేపు నీకు కావాల్సిన కాయ నీకే దొరకదు. పోయి ఆ ఫైలు మళ్లీ రాయి."

ఆ ఆడవాళ్లు నన్ను చూసి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే మళ్లీ రాశాను. ఈసారి చిన్న మాటలు ఒక ఫైల్లోకి, హెచ్చరికలు ఇంకో ఫైల్లోకి, ప్రమాదమని అరిచేవి మూడో ఫైల్లోకి. ఆయన చదివి, ఒకచోట తప్పు చూపించి, "పర్లేదు, బుర్రుంది" అన్నారు. కాలేజీలో మెడల్ ఇచ్చినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ప్యానెళ్లు పంపే మాటలతో పాటు మనుషులు చేసే పనులు కూడా అదే ఫైల్లోకి ఎక్కించేవారు. దానికి చిన్న ఆదేశం ఒకటి ఉంది. ఆదేశం కొట్టి, పక్కన ఒక వాక్యం రాస్తే, అది కూడా తేదీ, టైముతో వరుసలో చేరిపోతుంది. "రెండో చాంబరు ఫ్యాన్‌కు నూనె వేశాను." "మెకానిక్ వస్తానని రాలేదు." "ఓనరు గారికి చెప్పాను." ఇలా ఉండేవి ఆయన రాతలు. ఇవన్నీ ఎందుకు సార్ అని ఒకసారి నవ్వాను. "మిషన్ ఏం చేసిందో ఉంటే సరిపోద్దా? మనమేం చేశామో కూడా ఉండాలిగా. రేపు గొడవొస్తే మిషన్‌ను ఎవరూ కసరరు, మనల్నే కసిరేది" అన్నారు.

అది ఉత్తమాట కాదని కొన్ని నెలలకే కళ్లారా చూశాను. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఒకటో చాంబరు తలుపు గంటసేపు తెరిచే ఉండిపోయింది. మస్తాన్ అనే హమాలీ తీసి మర్చిపోయాడని మేనేజరు వాడిని పనిలోంచి తీసేయబోయాడు. వాడు తలగుడ్డ చేత్తో పట్టుకుని, "నేను ఆ పక్కకే పోలేదు సామీ" అని ఏడుస్తున్నాడు. కోటేశ్వరరావు గారు ఫైలు తెరిచి, ఓనరు గారి ఎదుటే ఆ లైన్లు పైకి చదివారు. తలుపు తీసిన టైము, దాని కింద తానే రాసిన లైను: "ఓనరు గారి బావమరిది చుట్టాలకు చాంబరు చూపిస్తున్నారు." ఓనరు గారి ముఖం కందగడ్డయింది. "సరేలే, పోండి పోండి" అన్నారు. మస్తాన్ బయటికొచ్చి ఈయన కాళ్లు పట్టుకోబోతే, "ఏందిరా ఇది, లే ముందు" అని కసిరారు. ఆ రోజు నుంచి ఓనరు గారు ఈయనతో మాట్లాడేటప్పుడు ఆ డబ్బా వైపు ఒకసారి చూసి మరీ మాట్లాడేవారు.

ఇంత చేసిన ఆ డబ్బాకు ఒక జబ్బుండేది. కరెంటు తీస్తే దాని గడియారం చచ్చేది. మళ్లీ ఆన్ చేస్తే పదిహేనేళ్ల కిందటి జనవరి ఒకటో తేదీ చూపించేది. సెల్ మార్చి చూశారు, నిలవలేదు. బోర్డే పోయింది, కొత్తది కొనమని ఆయన అడుగుతూనే ఉన్నారు, ఓనరు గారు చూద్దాం అంటూనే ఉన్నారు. పైగా ఆ డబ్బాకు ఇంటర్నెట్ ఇవ్వలేదు, తనంతట తాను టైము తెలుసుకునే దారి లేదు. అందుకని ఆయన ఆ సర్వీసు దానంతటది మొదలుకాకుండా ఆపి ఉంచారు. ఆన్ చేసిన మనిషి ముందు చేత్తో తేదీ పెట్టాలి, ఆ తర్వాత చేత్తో సర్వీసు మొదలుపెట్టాలి. మానిటరు అంచున అట్టముక్క అంటించి, దాని మీద ఆయన చేతిరాతతో: ముందు తేదీ, తర్వాత సర్వీసు. రోజూ నా ముక్కు ముందే ఉండేది అది.

ఆ దసరాకు ఆయుధపూజ ఘనంగా చేశారు. మామూలు రోజుల్లో ఆ డబ్బాను ఎవరూ ఆపరు. ఆయుధపూజ నాడు మాత్రం మిషన్ అన్నది ఏదీ నడవకూడదు. కంప్రెసర్లు ఆపి, కడిగి, పసుపు కుంకాలు పెట్టారు. డబ్బాను కూడా ఆపి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. పదకొండు గంటలకు గేటు ముందు గుమ్మడికాయ కొట్టారు. కోటేశ్వరరావు గారు కంప్రెసర్లు మొదలుపెట్టడానికి వెళుతూ, "అమ్మాయ్, డబ్బా సంగతి నువ్వు చూడు" అన్నారు. మా అక్కావాళ్లు పిల్లలతో గేటు బయట కారులో ఉన్నారు. ఎత్తిపోతల జలపాతానికి పోదామని నాలుగు రోజుల ముందే అనుకున్నాం. పిల్లలు హారన్ మోగిస్తున్నారు. నేను డబ్బా ఆన్ చేశాను. సర్వీసు మొదలుపెట్టాను. దండ అడ్డంగా వేలాడుతుంటే అట్టముక్క కనపడలేదని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. కనపడకపోవడమేం? రోజూ చూసేదే. తొందర. అంతే.

ఆ సాయంత్రమే మూడో చాంబరు వేడెక్కడం మొదలైంది. కంప్రెసరు నడుస్తున్నా ఆ చాంబరుకు చల్లదనం పోయే వాల్వు బిగుసుకుపోయింది. పండగ కావడంతో మెకానిక్ దొరకలేదు. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి కోటేశ్వరరావు గారు ఆ చాంబరు దగ్గరే ఉన్నారు, చొక్కా అంతా చెమట. ఆయన అక్కడి నుంచే ఇంటర్‌కమ్‌లో నాకు చెబుతుంటే నేను డబ్బా ముందు కూర్చుని ఆ మాటలు ఎక్కించాను.

"రాయమ్మాయ్. మూడో చాంబరు వేడి పెరుగుతోంది. ఓనరు గారి ఇంటికెళ్లి చెప్పాను. పండగయ్యాక చూద్దామన్నారు."

ఓనరు గారి ఇల్లు ఆ ఆవరణ వెనకే. సారు అక్కడికి మూడు రోజుల్లో అయిదుసార్లు వెళ్లారు. "టిక్కీలు అయిదో చాంబరుకు మారుద్దామన్నాను. పండగ పూట హమాలీలు ఎవరొస్తారు, వద్దన్నారు." ఆ లైను కూడా నా వేళ్లతోనే కొట్టాను. అది కొడుతుండగానే నాకు గుర్తొచ్చింది, తేదీ పెట్టలేదని. అప్పుడే సరిచేసి చెప్పేస్తే సరిపోయేది. కానీ మధ్యలో మారిస్తే ఫైల్లో పదిహేనేళ్ల గెంతు కనపడుతుంది, సారు అడుగుతారు, ఇంత గొడవలో నన్ను తిడతారు. ఈ గోల సద్దుమణిగాక చూద్దాంలే అనుకున్నాను. తిడతారన్న భయంతో నేను కూర్చున్నాను. ఆయన ఒక్కరోజు కూడా నన్ను తిట్టిన మనిషి కాదు.

నాలుగో రోజున మెకానిక్ వచ్చి వాల్వు మార్చాడు. అప్పటికే మూటలకు చెమ్మ పట్టింది. నాలుగు టిక్కీలు కోసి చూస్తే మూడింట్లో బూజు. కోటేశ్వరరావు గారు ఆఫీసు గదిలోకి వచ్చి, డబ్బా ముందు కూర్చుని ఫైలు తెరిచారు. చాలాసేపు పైకీ కిందికీ జరుపుతూ చూశారు. నేను వెనక నిలబడి ఉన్నాను. ఆయన వెనక్కి తిరగకుండానే అడిగారు.

"ఆ రోజు తేదీ పెట్టావా అమ్మాయ్?"

"పెట్టాను సార్."

"పెట్టావుగా?"

"పెట్టాను సార్. తర్వాత ఏమైందో మరి."

ఆయన "సరే" అన్నారు. ప్రింటరు ఆన్ చేసి కాగితాలు తీసుకోవడం మొదలుపెట్టారు.

మూడో చాంబరులో ఉన్నదంతా నకరికల్లు అవతల ఆయన సొంతూరి రైతుల సరుకు. మంచి రేటు వచ్చేదాకా ఇక్కడ పెట్టుకోండి, నేనున్నాను గదా అని ఆయనే తెప్పించారు. ఎక్కువ టిక్కీలు ఆయన పెద్దన్న వీరయ్య గారివి. తండ్రి పోయాక ఈయన్ను పెంచి పెద్దచేసింది ఆ అన్నే. సంగతి తెలిసి ఊరు ఊరంతా ట్రాక్టర్లలో వచ్చి గేటు ముందు దిగింది. బూజు పట్టిన కాయలు దోసిళ్లతో తెచ్చి ఆఫీసు మెట్ల మీద పోశారు. ఓనరు గారు మాత్రం ఒకటే మాట మీద ఉన్నారు: చాంబరు చెడిందని తనకెవరూ చెప్పలేదు, కోటేశ్వరరావు పండగ మత్తులో పట్టించుకోలేదు.

ఆఫీసులో పెద్దమనుషులు పంచాయితీకి కూర్చున్నారు. వ్యాపారుల తరఫున ఇద్దరు, రైతుల తరఫున వీరయ్య గారు, ఇంకొకాయన. లోపలికి పోబోతుంటే మేనేజరు నన్ను వరండాలో ఆపాడు. "జాగ్రత్తగా మాట్లాడు అమ్మాయ్. ఆ డబ్బా ముందు కూర్చుంది నువ్వే. బయట జనం ఎట్టున్నారో చూశావుగా" అన్నాడు. చూశాను. ఆ జనాన్నే తలచుకుంటూ లోపలికి వెళ్లాను.

కోటేశ్వరరావు గారు కాగితాలు బల్ల మీద పెట్టారు. మూడో చాంబరు వేడెక్కిన దగ్గర్నుంచీ ఒక్కో లైనూ ఉంది. ఓనరు గారి ఇంటికెళ్లిన అయిదుసార్లూ ఉన్నాయి. వ్యాపారుల పెద్ద కళ్లజోడు సవరించుకుని చూసి, "ఏందయ్యా ఇది, పదిహేనేళ్ల కిందటి తేదీ ఉంది?" అన్నాడు. ఓనరు గారు నవ్వారు. "అదే నేను చెప్పేది. నిన్న కూర్చుని రాసుకుని, ప్రింటు తీసుకొచ్చాడు."

అక్కడే ఉంది కిటుకంతా. డబ్బా ఆన్ చేసిన క్షణం నుంచీ తప్పు తేదీతోనే నడిచిందని తేలితే లెక్క కట్టడం చిన్నపిల్లల పని. గుమ్మడికాయ కొట్టింది పదకొండింటికని ఊరందరికీ తెలుసు, అప్పటి నుంచి లెక్కేస్తే ప్రతి లైనుకూ అసలు తేదీ, అసలు గంట వచ్చేస్తాయి. మూడో చాంబరు వేడెక్కిన గంటా, మెకానిక్ వచ్చిన గంటా అతికినట్టు సరిపోతాయి. మధ్యలో ఎప్పుడో గడియారం చెడిందంటే మాత్రం ఏ లెక్కా నిలవదు. ఆ కాగితాలు చిత్తుకాగితాలే.

"డబ్బా ఆన్ చేసింది ఎవరు?" అన్నాడు వ్యాపారుల పెద్ద.

కోటేశ్వరరావు గారు నా వైపు చూశారు. కోపంగా కాదు. మామూలుగా చూశారు, నేను ఏదో లెక్క చేస్తుంటే జవాబు కోసం చూసేటప్పటిలా.

"నేనేనండీ" అన్నాను. "తేదీ పెట్టాను. మధ్యలో ఎప్పుడు మారిందో నాకు తెలియదు."

"ఈ రాతలు నువ్వే కొట్టావా? ఎప్పుడు కొట్టావు?"

"సారు చెబితే కొట్టానండీ. ఏది ఎప్పుడో గుర్తులేదు."

అన్నీ గుర్తున్నాయి. ఏ లైను కొట్టేటప్పుడు ఏ కిటికీలోంచి ఎండ పడుతోందో కూడా గుర్తుంది. ఓనరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. వీరయ్య గారు లేచి నిలబడ్డారు. పొడుగాటి మనిషి, భుజాన కండువా. "ఒరేయ్ కోటిగా" అన్నారు. "నిజంగా పోయి చెప్పావురా?"

"చెప్పానన్నా."

"మరి ఈ కాగితాలేందిరా? ఈ తేదీలేందిరా? నీ మాట మీదే గదరా ఊరోళ్ల సరుకంతా తోలింది. నేనేం మొహం పెట్టుకుని ఊళ్లోకి పోవాలిరా?"

కోటేశ్వరరావు గారు కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు సరిచేసి పట్టుకున్నారు. ఇంకోసారి నా వైపు చూస్తారేమోనని నేను చచ్చేంత భయపడ్డాను. చూడలేదు. వీరయ్య గారు మెట్లు దిగి, ఆ బూజు కాయల మీద నుంచే నడిచి వెళ్లిపోయారు. తప్పంతా కోటేశ్వరరావు గారిదేనని ఆ సాయంత్రానికి తేల్చేశారు. ఆయన టెస్టరు, టిఫిను డబ్బా సంచిలో వేసుకుని వెళుతూ నా బల్ల దగ్గర ఆగి, "అమరిక ఫైలుకు ఇంకో కాపీ తీసి ఉంచమ్మాయ్, డబ్బా ఎక్కువ రోజులు రాదు" అన్నారు. నేను తలూపాను. నా ఉద్యోగం నాకు నిలిచింది. ఆ నెలలోనే పర్మనెంట్ కూడా చేశారు. సిగ్గులేని దాన్ని, తీసుకున్నాను.

ఏడాది తర్వాత అది మానేసి కాలేజీలో చేరాను. ఇంకో మూడేళ్లు ఇవాళ వెళతాను, రేపు వెళతాను అనుకుంటూ గడిపి, చివరికి ఒక ఆదివారం పొద్దున ఆ ఊరి బస్సెక్కాను. దారంతా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. చిన్న పెంకుటిల్లు. కోటేశ్వరరావు గారు వసారాలో నులకమంచం మీద ఉన్నారు. ఎడం చేయీ కాలూ పడిపోయాయి. నన్ను చూసి, "ఏమే, అమ్మాయి వచ్చింది, కాఫీ పెట్టు" అని లోపలికి కేకేశారు. ఆయన భార్యను నేను పిన్నీ అనేదాన్ని. ఆవిడ బయటికి వచ్చి నన్ను చూసింది గానీ రా అనలేదు.

కాఫీ దాకా ఆగలేకపోయాను. "సార్, ఆ రోజు నేను తేదీ పెట్టలేదు" అన్నాను. అనేసి ఏడ్చాను. దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి.

ఆయన నన్ను ఏడవనిచ్చారు. తర్వాత, "తెలుసులే" అన్నారు.

"తెలుసా?"

"నాలుగో రోజే తెలుసు. ఫైల్లో మొదటి లైను నుంచీ ఒకటే వరస. యాడా తెగలా. నువ్వు తేదీ పెట్టి ఉంటే, ఆ తర్వాత చెడి ఉంటే, మొదట్లో నాలుగు లైన్లన్నా సరైన తేదీతో ఉండాలి గదా. అది చూసే నిన్ను అడిగింది."

"మరి ఆ మొదటి కాగితం పెద్దమనుషుల ముందు పెడితే..."

"పెట్టలా. జేబులోనే ఉంది. నేను పెడితే నువ్వు అబద్ధం ఆడినట్టు తేలుతుంది. బయట అంత జనం ఉండారు, పెళ్లికాని పిల్లవి. నువ్వే చెప్తే అది వేరు." ఆయన కుడిచేత్తో ఎడమచేతిని తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "చెప్తావనే అనుకున్నా. అక్కడ కాకపోతే సాయంత్రం, అప్పుడు కాకపోతే మర్నాడు. చానా రోజులు అనుకున్నా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. నేను లేచి, "పదండి సార్, ఇప్పుడే మీ అన్నయ్య గారి దగ్గరకు పోదాం. ఆయన కాళ్ల మీద పడి మొత్తం చెబుతాను" అన్నాను. ఆయన తల వంచుకున్నారు. జవాబు గుమ్మంలోంచి పిన్ని చెప్పింది.

"బావగారు పోయి ఏడాదైందమ్మా. ఒకటే వీధి. మూడేళ్లు ఈయన మొహం చూడలేదు. పోయినరోజు ఈయన పాకుతా పోతే, అన్న కొడుకులు శవం కాడికి కూడా రానియ్యలా. తీరిగ్గా వచ్చావు నువ్వు."

"ఊరుకోవే" అన్నారు ఆయన. ఆ తర్వాత నాతో, "కాఫీ తాగి పో అమ్మాయ్, మళ్లీ పన్నెండింటి దాకా బస్సు లేదు" అన్నారు. ఆ కాఫీ ఎలా తాగానో నాకు తెలియదు. ఆవిడ గ్లాసు నా చేతికివ్వలేదు, గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆ మరుసటి చలికాలం కోటేశ్వరరావు గారు కూడా పోయారు. నాకు ఎవరూ కబురు చేయలేదు. ఎందుకు చేస్తారు? తెలిశాక వెళ్లి, వీరయ్య గారి పెద్దకొడుకును కలిసి జరిగిందంతా చెప్పాను. అతను ట్రాక్టరు తుడుస్తూ విన్నాడు. తిడతాడని, అందరినీ పిలుస్తాడని ఎదురుచూశాను. చేతిలో గుడ్డ పిండి టైరు మీద ఆరేసి, "ఈ మాట అప్పుడే చెప్పుంటే మా నాయన బాబాయితో మాట్లాడి పోయేవాడు గదమ్మా" అన్నాడు. నాకు అతని ముందు ఎంతసేపు నిలబడాలో తెలియలేదు.

ఇప్పుడు నా పని అందరూ మెచ్చుకుంటారు. ఎక్కడ ఏ సర్వరు పెట్టినా ముందు గడియారం చూస్తాను, ఆ తర్వాతే సర్వీసు ముట్టుకుంటాను. నా వల్ల తప్పు జరిగితే, ఎవరూ అడగకముందే ప్రిన్సిపాల్ గదికి వెళ్లి నేనే చేశానని చెప్పేస్తాను. మొన్న స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ నన్ను చూపించి, మణి మేడమ్ దగ్గర దాపరికం ఉండదు, అందరూ ఆవిడను చూసి నేర్చుకోండి అన్నారు. చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లంతా కంపరమెత్తింది. ఈ గుణం నాకు పుట్టుకతో వచ్చిందనుకుంటున్నారు వాళ్లు. ఒకే వీధిలో ఉన్న ఇద్దరు అన్నదమ్ములు మాటల్లేకుండా చచ్చిపోతే వచ్చింది.